ఏడో నంబర్ బస్సులో లేని హీటర్

మా కంపెనీ బస్సుల్లో వేడి లేదు! ఇది నా సొంత అభిప్రాయం కాదు, సర్క్యులర్. జనరల్ మేనేజర్ గారి సంతకంతో, కంపెనీ ముద్రతో, మూడు భాషల్లో అచ్చయి ప్రతి బస్సు తలుపు మీదా అంటించి ఉంది: "ఈ వాహనం సంపూర్ణంగా శీతలీకరించబడినది." ఎండకు ఆ కాగితం పచ్చబడి, జిగురు కరిగి జారిపోతుంటే నెలకొకసారి కొత్తది అంటించే బాధ్యత నాదే.

నా పేరు కృపారావు. మాది అమలాపురం పక్కన. దోహాలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ముషైరిబ్‌లో ఆఫీసు, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఇల్లు. రెంటికీ మధ్య నడిచేంత దూరమే గానీ నా హోదాకి నడక సరిపడదు కనుక స్టాఫ్ బస్సులో వెళతాను. ఆ హోదా ఏమిటంటే, కార్మిక సంక్షేమ సమన్వయాధికారి! కార్మికులు తమ బాధలు తెలుగులోనో హిందీలోనో చెప్పుకుంటే నేను వాటిని ఇంగ్లీషులోకి మారుస్తాను. మార్చడమంటే నిజంగా మార్చడమే.

కంపెనీ పేరు చెప్పను. చెబితే కంపెనీలో నా పేరు ఉండదు.

2022 జూన్ నెల. ప్రపంచ కప్పుకు ఇంకా అయిదు నెలలుంది. మాకు దక్కిన పని ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న అల్ రువైస్‌లో ఫుట్‌పాత్ రాళ్ళు పరచడం. ఆటలు దోహా చుట్టుపక్కల జరుగుతుంటే, చూడవచ్చినవాళ్ళు వంద కిలోమీటర్లు దాటి ఆ చేపల రేవుకు ఎందుకు వస్తారని నేను అడగలేదు. ఒకవేళ వస్తే వాళ్ళ బూట్లకు మట్టి అంటకూడదని పెద్దల ఉద్దేశం.

రాళ్ళు పరిచేవాళ్ళు ముప్పై మంది. వాళ్ళను లేబర్ క్యాంప్ నుంచి అల్ రువైస్‌కి తీసుకెళ్ళి తెచ్చేది ఏడో నంబర్ బస్సు. అది ఏదో చలి దేశంలో పుట్టి, రెండు మూడు చేతులు మారి, వయసు మళ్ళాక మా దగ్గరికి వచ్చింది. దాని డ్రైవర్ లస్మయ్య. జగిత్యాల వైపు పల్లె. యాభై దాటిన మనిషి. పందొమ్మిదేళ్ళుగా ఖతర్‌లోనే బండి నడుపుతున్నా, ఊళ్ళో అతన్ని దుబాయ్ లస్మయ్య అనే పిలుస్తారట. దుబాయ్ ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు.

జూన్ మొదటి వారంలో లస్మయ్య క్యాంప్ ఆఫీసులో నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సార్, బండిల ఏసీ సల్లగ వస్తలేదు. మనుషులు ఉడికిపోతున్నరు."

నేను వెంటనే ఫారం తీసి రాశాను: "ఏడో నంబర్ బస్సు ప్రయాణికుల్లో కొందరికి వెచ్చగా ఉన్నట్టు భావన కలుగుతున్నదని తెలియవచ్చినది."

"ఉడికిపోతున్నరని రాసిన్రా సార్?"

"దాన్నే గౌరవంగా రాశానయ్యా!"

ఫారం మా ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ ఇక్రాముద్దీన్ సాబ్‌కు చేరింది. ఆయనది హైదరాబాదు, మలక్‌పేట. ఫిర్యాదులంటే ఆయనకు ఎంత శ్రద్ధంటే, మర్నాడే ఇద్దరితో విచారణ సంఘం వేశారు. ఆ ఇద్దరం మేమే. తెల్లవారుజామున సూర్యుడు ఇంకా లేవక ముందు, ఖాళీ బస్సు ఎక్కి, అయిదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి, థర్మామీటర్ పెట్టి చూశాం. ఇరవై నాలుగు డిగ్రీలు!

"మాషా అల్లా! ఇంత సల్లగుంటే ఇంకేం గావాలె వీళ్ళకి?" అన్నారు సాబ్, షేర్వాణీ వేసుకోవాలన్నట్టు భుజాలు దగ్గరికి లాక్కుని.

"సార్, గిది పొద్దుగాల గదా. పది గంటలకు మనుషులను ఎక్కించి చూడుండ్రి," అన్నాడు లస్మయ్య.

ఆ మాటను నేను రాసుకోలేదు. పరీక్ష ఎప్పుడు పెట్టాలో డ్రైవర్లు చెప్పే ఆచారం మా కంపెనీలో లేదు.

పది గంటల సంగతి ఇక్కడ చెప్పాలి. వేసవిలో నడినెత్తి ఎండలో పని చేయించడం నిషేధం. ఆ నిషేధాన్ని మేము తు.చ. తప్పకుండా పాటిస్తాం. పొద్దున పది కాగానే పని ఆపించి, అందర్నీ బస్సెక్కించేస్తాం. ఎండలో ప్రయాణం చేయించకూడదని మాత్రం ఎక్కడా రాసి లేదు. అంచేత చిమ్మచీకట్లో వెళ్ళిన బస్సు, మిట్ట ఎండలో గంటన్నర పాటు తిరిగి వస్తుంది.

విచారణ సంఘం ఊరుకోలేదు. ఏసీలో గ్యాస్ నింపించాం. వారం తర్వాత మళ్ళీ నింపించాం. లోపలి ఫిల్టర్ మార్పించాం. పాతదాంట్లోంచి ఒక చిన్న ఎడారి బయటపడింది. అయినా వేడి తగ్గలేదు. చివరికి తేల్చిందేమంటే, ముప్పై మంది ఒకేసారి ఊపిరి వదలడం వల్ల బస్సు వేడెక్కుతోంది! దీని మీద కూడా ఒక నోటీసు తయారైంది గానీ, ఊపిరిని షిఫ్టుల వారీగా ఎట్లా విభజించాలో తెలియక ఆగిపోయింది.

మూడో వారంలో లస్మయ్య చేతికి గుడ్డ చుట్టుకుని, ముఖం వెలిగిపోతూ నా దగ్గరికి వచ్చాడు.

"సార్, దొరికింది! గ్యాస్ మంచిగనే ఉన్నది, కంప్రెసర్ మంచిగనే ఉన్నది. ఏసీ పైపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటున్నది. దాని పక్కపొంటి ఇంకో పైపున్నది. అది పట్టుకుంటే గిదిగో, బొబ్బలెక్కింది. హీటర్ పైపు సార్ గది!"

"హీటరా?"

"అవు సార్. చలి దేశం బండి గదా. దాని నల్లా తెరుచుకొని గట్లనే పట్టేసింది. ఇంజిన్ల మసిలే నీళ్ళు సీదా డ్యాష్‌బోర్డులకు వస్తున్నయి. ఏసీ సల్లగ జేస్తది, హీటర్ ఉడుకు జేస్తది, రెండు ఒక్క గూట్లకెళ్ళే బయటికొస్తయి. బండి పాపం ఏం జేస్తది?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"నేను ఈ బండి ఎక్కినకాడికెళ్ళి. మూడు ఎండకాలాలు."

నలభై అయిదు డిగ్రీల ఎండలో, మూడు వేసవులు, మా కంపెనీ తన కార్మికులకు హీటర్ వేసి తీసుకెళ్ళింది!

"మరిప్పుడేం చేయాలి?"

"ఓ క్లిప్పు పెట్టి పైపు బిగిస్తే అయిపాయె. పావుగంట పని. డ్యాష్‌బోర్డు ఇప్పాలంటే పర్మిషన్ గావాలె గదా, జర ఇప్పియ్యుండ్రి."

నేను ఉత్సాహంగా ఇక్రాముద్దీన్ సాబ్ గదిలోకి పరిగెత్తాను. ఆయన అంతా విని, మరమ్మతుల ఫారం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, పైనుంచి కిందికి వేలు పెట్టి చదివారు.

"ఇంజన్ ఉన్నది. బ్రేకులు ఉన్నయి. టైర్లు, ఏసీ, లైట్లు, అద్దాలు ఉన్నయి. హీటర్ ఏది?"

"హీటర్‌కు గడి లేదు సార్."

"ఫారంల లేని సామాను బండిల ఎట్లుంటది కృపారావ్ సాబ్?"

"లస్మయ్య చెయ్యి కాలింది సార్..."

ఆయన లేచి తలుపు మూసి వచ్చి, గొంతు తగ్గించారు. "అరె మియా, మీరు హీటర్ అని రాస్తరు. పైనోళ్ళు ఏమంటరు? మూడేండ్లు లేబర్‌కి హీటర్ ఏసిన్రా, బస్సు చెక్ చేసినమని సంతకం పెట్టిందెవరు అంటరు. సంతకం ఎవరిది?"

"తమది."

"రెండోది?"

రెండోది నాది.

"అందుకే జెప్తున్న. హీటర్ మాఫీ! యల్లా, రాయుండ్రి."

రాశాను: "డ్రైవర్ పేర్కొన్న హీటర్, రికార్డులు క్షుణ్ణంగా పరిశీలించగా, కనిపించలేదు."

లస్మయ్యకు మాత్రం అనుమతి పరిశీలనలో ఉందని చెప్పాను. అతను నమ్మాడు. "మీరున్నరు గదా సార్," అన్నాడు. ఆ మాట నాకు గర్వంగా కూడా అనిపించింది, చూడండి!

నాలుగు రోజుల తర్వాత నేను అల్ రువైస్‌కి వెళ్ళవలసి వచ్చింది. ఎప్పుడూ ఆఫీసు కారులో వెళ్ళేవాణ్ణి. ఆ రోజు నన్ను అక్కడ దింపి, కారు జనరల్ మేనేజర్ గారి అతిథుల కోసం విమానాశ్రయానికి వెళ్ళిపోయింది. తిరుగు ప్రయాణానికి ఏడో నంబర్ బస్సే గతి. పదింటికి అందరితో పాటు ఎక్కాను. కార్మికులతో కలిసి ప్రయాణించడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

మొదటి అయిదు నిమిషాలు చొక్కా తడిసింది. తర్వాత టై విప్పాను. పావుగంటకి కార్మిక సంక్షేమ ఫైలుతో విసురుకోవడం మొదలుపెట్టాను. ఆ ఫైలు దేనికైనా ఉపయోగపడటం నేను చూసింది అప్పుడే. ఏసీ కన్నాల్లోంచి వస్తున్న గాలి, అన్నం వార్చేటప్పుడు ముఖానికి కొట్టే ఆవిరిలా ఉంది. చుట్టూ చూశాను. ఎవరూ విసుక్కోవడం లేదు. తడి తువ్వాళ్ళు తలమీద వేసుకుని, కళ్ళు మూసుకుని, మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్ళకు ఇది రోజూ ఉన్నదే.

నా పక్కన తిరుమల్ ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఉండవు. రెండు ఫుట్‌పాత్ రాళ్ళు ఒకేసారి ఎత్తే మనిషి. "సార్, మీరు గిటు గాలొచ్చే దిక్కు కూసోండ్రి," అని తన సీటు నాకిచ్చాడు. గాలి ఎక్కడా రావడం లేదు గానీ, మర్యాద మర్యాదే కదా, కూర్చున్నాను. కాసేపటికి అతని తల నా భుజం మీద వాలింది. నిద్రపోయాడనుకుని నెమ్మదిగా జరపబోయాను. తల అటు పక్కకు వేలాడిపోయింది. ఒళ్ళు నిప్పులా కాలుతోంది, చెమట మాత్రం లేదు.

"లస్మయ్యా! ఆపు! బస్సాపవయ్యా!" అని అరిచాను. అది నా గొంతేనా అనిపించింది.

లస్మయ్య ఒక్కసారి అద్దంలో చూశాడు. ఆపలేదు. "ఈడ ఆపితే ఎండల సస్తడు సార్. నీళ్ళు గొట్టుండ్రి మీదికెళ్ళి!" అని బండి వెనక్కి తిప్పి అల్ రువైస్ క్లినిక్ వైపు పరుగెత్తించాడు. అందరూ తమ సీసాల్లో మిగిలిన నీళ్ళు తిరుమల్ మీద పోశారు. ఒకాయన తన తువ్వాలుతో విసురుతూ, "తిరుమల్, ఓ తిరుమల్, మీ అమ్మ రాములవ్వకు ఏం జెప్పాలెరా," అని ఏడ్చాడు. నేను అతని చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆ పదిహేను నిమిషాలు నాకు ఏ ఇంగ్లీషు ముక్కా గుర్తు రాలేదు.

బతికాడు. వడదెబ్బ అన్నాడు డాక్టర్, ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేనన్నాడు. తిరుమల్‌కు లోపల సెలైన్ ఎక్కుతుండగా, తక్కినవాళ్ళు క్లినిక్ వరండా నీడలో చేరారు. లస్మయ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని బస్సు దగ్గరికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

"సార్, మీరు అటు మళ్ళుండ్రి," అన్నాడు.

"ఎందుకయ్యా?"

"మీరు చూస్తే రాయవలసి వస్తది."

ఎంత పాలనా దక్షత! నేను సముద్రం వైపు తిరిగాను. వెనక టకటకమని చప్పుళ్ళు, ఒకసారి "అబ్బా" అనే మూలుగు, ఏదో బిగించిన కిర్రుమనే శబ్దం. నేను పడవలు లెక్కపెట్టాను. పదిహేడున్నాయి.

"ఇగ ఇటు మళ్ళుండ్రి."

సాయంత్రం తిరుమల్‌ను ఎక్కించుకుని బయల్దేరాం. పది నిమిషాల్లో బస్సు చల్లబడింది. ఇరవై నిమిషాల్లో గజగజలాడించింది! మొదట ఎవరూ నమ్మలేదు. కన్నాల దగ్గర చేతులు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకున్నారు. వెనక సీట్లో ఎవరో పెద్దగా తుమ్మారు. అంతే, బస్సంతా ఒక్కసారిగా నవ్వు. "లస్మన్నా, దుప్పట్లు గిన ఉన్నయానే?" అని ఇంకెవరో అడిగారు. తిరుమల్ నీరసంగా కళ్ళు తెరిచి, "ఏ బండి ఎక్కిచ్చిన్రే నన్ను?" అన్నాడు.

ఆ రాత్రికి రిపోర్టు పంపాలి. ఇక్రాముద్దీన్ సాబ్ ఫోన్లో పదాలు సరిచూశారు. నేను రాసింది ఇది: "ప్రయాణంలో తిరుమల్ అనే కార్మికుడు గాఢ నిద్రలోకి జారుకున్నాడు. బస్సులోని హాయి దీనికి కారణం కావచ్చు."

మరుసటి వారమే విదేశాల నుంచి ఒక బృందం కార్మికుల బాగోగులు చూడటానికి వచ్చింది. వాళ్ళ కోసం కొత్త బస్సొకటి తెప్పించి, సీట్లకు ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా సిద్ధంగా ఉంచాం. బృందానికి పెద్ద అయిన మేడమ్ గారు దాన్ని చూసి నవ్వి, నేరుగా ఏడో నంబర్ ఎక్కి కూర్చున్నారు. జనరల్ మేనేజర్ గారి ముఖం పాలిపోయింది. ఇక్రాముద్దీన్ సాబ్ పెదాలు ఏదో ప్రార్థన పలుకుతున్నాయి. పది నిమిషాల తర్వాత మేడమ్ గారు సంచిలోంచి శాలువా తీసి కప్పుకున్నారు!

"ఇంత పాత బస్సు ఇంత చల్లగా ఎలా ఉంది?" అని డ్రైవర్‌నే అడిగారు. నన్ను తర్జుమా చేయమన్నారు.

లస్మయ్య చేతులు కట్టుకుని చెప్పాడు: "హీటర్ నల్లా పట్టేసింది మేడం. మూడేండ్లు గట్లనే నడిచింది. మొన్న ఒక పిల్లగాడు సావబోయిండు. గప్పుడు నేనే పైపు బిగించిన."

అందరూ నా వైపు చూశారు. జనరల్ మేనేజర్ గారు మరీ ఎక్కువగా చూశారు.

"మా కంపెనీ మూడేళ్ళుగా ఈ బస్సును కన్నబిడ్డలా చూసుకుంటోందని అంటున్నాడు మేడమ్," అన్నాను.

మేడమ్ గారు చలించిపోయి లస్మయ్య చేయి పట్టుకుని ఊపారు. లస్మయ్య కూడా సంతోషించాడు, నిజం చెబితే ఇంత మర్యాద దొరుకుతుందా అని! నెల తిరగకుండా మా కంపెనీకి ప్రశంసాపత్రం వచ్చింది. జనరల్ మేనేజర్ గారు దాన్ని పటం కట్టించి, దాని పక్కన నిలబడి నాలుగు కోణాల్లో ఫోటోలు తీయించుకున్నారు.

ఆ తర్వాత ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఇంత చల్లని బస్సు రాళ్ళు మోసేవాళ్ళకెందుకు? సర్క్యులర్ వెలువడింది: పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఏడో నంబర్ బస్సు ఇకపై ముషైరిబ్ ఆఫీసు సిబ్బందికి, సిబ్బంది వాడుతున్న మూడో నంబర్ బస్సు అల్ రువైస్ కార్మికులకు. మూడో నంబర్ ఏసీ కూడా అంతంతమాత్రమే. కానీ మా ఇళ్ళకూ ఆఫీసుకూ పది నిమిషాల దూరం కనుక ఎవరూ పట్టించుకోలేదు. లస్మయ్యను మూడో నంబర్‌కు మార్చారు.

అక్కడితో అయిపోతే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు. బస్సు చేతులు మారేటప్పుడు గరాజ్‌లో డ్యాష్‌బోర్డు విప్పి చూశారు. పైపుకు బిగించిన క్లిప్పు కనిపించింది. లేని హీటర్‌కు క్లిప్పు ఎలా వచ్చింది? హీటర్ గురించి ఎవరూ అడగలేదు, క్లిప్పు గురించి అడిగారు. కంపెనీ వాహనాన్ని అనుమతి లేకుండా విప్పడం నేరం! హెచ్చరిక లేఖ ఇవ్వాలి, ఇంకోసారి ముట్టుకుంటే ఇంటికి పంపిస్తామని అందులో ఉండాలి.

"కృపారావ్, నువ్వే రాయి. నీ ఇంగ్లీషు బాగుంటుంది," అన్నారు జనరల్ మేనేజర్ గారు.

నా మనసు చాలా నొచ్చుకుంది. నొచ్చుకుంటూనే రాశాను. ఒక్క స్పెల్లింగ్ తప్పు కూడా లేదు.

నిబంధన ప్రకారం లేఖను ఉద్యోగికి అతని భాషలో చదివి వినిపించాలి. లస్మయ్య క్యాంప్ ఆఫీసుకు వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. నేను లేఖ పైకెత్తి, గొంతు సవరించుకున్నాను. ఆ మనిషి ముఖం చూశాక నా నోటికి ఏమొచ్చిందో నేనే ఆపలేకపోయాను.

"లస్మయ్య గారికి. ఆపదలో ఉన్న తోటి కార్మికుడి ప్రాణం కాపాడినందుకు, మూడేళ్ళుగా ఎవరూ కనిపెట్టలేని లోపాన్ని కనిపెట్టి సరిచేసినందుకు, కంపెనీ మీకు కృతజ్ఞతలు తెలుపుతున్నది. ఇకముందు కూడా మీరు ఇదే చొరవ చూపాలని కోరుతున్నది."

"గింతా ఆ నాలుగు లైన్లల్లనే ఉన్నదా సార్?"

"ఇంగ్లీషు పొదుపైన భాషయ్యా."

అతను కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టాడు. ఒక ప్రతి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా బిడ్డ రాణికి ఫోటో పంపుత సార్. కరీంనగర్‌ల నర్సింగ్ సదువుతున్నది," అన్నాడు. నర్సింగ్ చదివే పిల్లకు ఇంగ్లీషు రాకుండా ఉంటుందా! వద్దనడానికి కారణమేమీ తోచలేదు. కింద ఖాళీలో, "ఉద్యోగికి చదివి వినిపించితిని, సంతృప్తి వ్యక్తపరిచెను," అని రాసి సంతకం చేశాను.

మూడు రోజులు క్యాంప్ వైపు వెళ్ళలేదు. నాలుగో రోజు వెళ్ళక తప్పలేదు. షెడ్డు కింద మూడో నంబర్ బస్సు ముందు భాగం మొత్తం ఊడదీసి ఉంది. లస్మయ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఏసీ జాలీలో పేరుకుపోయిన ఇసుకను బ్రష్‌తో దులుపుతూ నీళ్ళు కొడుతున్నాడు. తిరుమల్ పక్కన బకెట్ పట్టుకుని నిలబడ్డాడు.

"లస్మయ్యా! ఏంటిది? ఎవరైనా చూస్తే..."

"రండ్రి సార్," అన్నాడు తల తిప్పకుండానే. "రాణి ఫోన్ జేసింది. కాయితం మొత్తం సదివి జెప్పింది."

నేను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాను.

"మళ్ళీ ముట్టుకుంటే పంపించేస్తామని ఉంది కదయ్యా అందులో! తెలిసి కూడా విప్పావా?"

లస్మయ్య బ్రష్ పక్కన పెట్టి, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"సార్, మీరు సదివిన కాయితం మంచిగుండె. నేను దాని ప్రకారమే పని చేస్తున్న. మీరు రాసిన కాయితం ఫైల్ల ఉండనీయుండ్రి."